చేపముల్లు గాట్ల మీద హక్కు

మా మిల్లు మూతపడిన నాలుగేళ్ళకి నాకు అందులో ఉద్యోగం వచ్చింది.

"మూసీసిన మిల్లులో ఏటి సేస్తావురా?" అని అమ్మ అడిగింది. నాకూ తెలియదు కాబట్టి "కూర్చుంటాను" అన్నాను. మా వంశంలో కూర్చుని సంపాదించబోయే మొదటివాడిని నేనేనని ఆమె ఆ ఆదివారం చర్చిలో లేచి సాక్ష్యం కూడా చెప్పింది. సంఘమంతా "ఆమేన్" అంది. జీతం ఎంతో తెలిస్తే అంత గట్టిగా అనేవారు కాదు.

అది విజయనగరం నుంచి బొబ్బిలి వెళ్ళే దారిలో రోడ్డు వారగా ఉన్న జనపనార మిల్లు. రెండువేల పదిహేను ప్రాంతాల మాట. నాకు ఇరవై రెండేళ్ళు, చేతిలో మెకానికల్ డిప్లమా. నేను చేరేసరికి మగ్గాలన్నీ ఇనుప సామాన్లవాళ్ళు పట్టుకుపోయారు. షెడ్డు నిండా వాటి సిమెంటు దిమ్మలు మాత్రం వరసలుగా మిగిలాయి. ఒక్కో దిమ్మ మీద ఒక్కో నంబరు. మొదటి రోజు తలుపు తీసి చూసి సమాధుల తోటలోకి వచ్చాననుకున్నాను. సమాధుల తోటే నయం, ఎవరు పోయారో పేరైనా రాసి ఉంటుంది.

నాలుగేళ్ళుగా ఒక్క పోగు వడకని ఆ షెడ్డు కప్పులోంచి ఇంకా నార ధూళి రాలుతూనే ఉండేది. ఎక్కడి నుంచి వస్తోందో ఎవరూ చెప్పలేకపోయారు. మధ్యాహ్నం ఎండ పడ్డప్పుడు గాలిలో పసుప్పచ్చగా నిలబడి ఉండేది. సాయంత్రానికి నా భుజాల మీద సన్నటి పొర. ఆ మిల్లు మొత్తంలో పని చేసినట్టు కనబడేది నా చొక్కా ఒక్కటే.

కాపలా ముసలాయన ఒకడుండేవాడు. పొద్దున్న ఆరింటికి, మధ్యాహ్నం రెండింటికి పెద్ద గేటు బార్లా తీసి, పక్కకి తప్పుకుని నిలబడేవాడు. అవి పాత షిఫ్టుల వేళలు. ఎవరూ వచ్చేవారు కాదు. కాసేపు ఆగి మూసేవాడు.

"ఎవరికోసం తాతా?" అని అడిగాను ఒకసారి.

"తీయకపోతే తోసుకుంటారు బాబూ" అన్నాడు, బీడీ వెలిగించుకుంటూ.

వెన్నులో చల్లగా ఏదో పాకింది. తర్వాత చూసుకుంటే కాపలా గదిలో నేను కూర్చున్న కుర్చీ వెనక కిటికీకి అద్దం లేదు.

ఆఫీసంటే మేడ మీద ఒక గది, మేనేజరుగారు, నేను, ఒక ఇనుప బీరువా. మేనేజరుగారిది విజయనగరంలో మూడు తరాల బట్టల వ్యాపారం చేసిన కుటుంబం. నెమ్మదస్తుడు. గుడ్డ కొలిచినట్టు ఆచితూచి మాట్లాడేవాడు. బీరువాలో పదకొండు ఫైళ్ళుండేవి.

"మిల్లు నడిచినన్నాళ్ళూ నష్టాలే బాబూ. ఆపేశాకే లాభాల్లోకి వచ్చింది" అన్నాడు మొదటి రోజు. నేను నవ్వాను. ఆయన నవ్వలేదు.

సంగతేమిటంటే, మిల్లు బాగున్న రోజుల్లో ఒక ఫోర్‌మన్ ఉండేవాడట. చెడిపోయిన యంత్రాన్ని బాగుచేయమంటే ఊరుకోక, ఇంకో రకంగా మార్చేవాడట. అప్పటి యజమాని ఆ మార్పుల్లో పనికొచ్చిన ప్రతిదానికీ పేటెంటు తీయించాడు. కనిపెట్టినవాడిగా ఫోర్‌మన్ పేరు, హక్కుదారుగా కంపెనీ పేరు. ఫోర్‌మన్ పోయాడు, మిల్లు పోయింది, యజమాని పోయాడు. యజమాని కొడుకు వచ్చి, ఇనుము అమ్మి, ఆ పదకొండు పేటెంట్ల కాగితాలు ఉంచుకున్నాడు.

"ఇది ఇల్లు అద్దెకివ్వడం లాటిదే" అన్నాడు మేనేజరుగారు. "ఇల్లు కనబడదు, అద్దె కనబడతాది. ఆ తరహా మెషిను ఎవరు చేసినా మెషినుకింత అని మనకి కట్టాలి. పై రాష్ట్రంలో ఒక కంపెనీ ఉంది, అది మన మూడో నంబరు పేటెంటుని వాడదు. తన పోటీవాడికి మనం ఇవ్వకుండా ఉండడానికి ఏటా కడతాది. ఈ ఫైళ్ళు చూపిస్తే బ్యాంకు అప్పు కూడా ఇచ్చింది. మిల్లు చూపిస్తే ఇవ్వలేదు."

వాడకుండా ఉండడానికి డబ్బు కట్టే మనుషులున్నారని నాకు అప్పుడే తెలిసింది. అదే తర్కం మీద నేను పని చేయకుండా ఉండడానికి ఎంతిస్తారో అడుగుదామనుకుని ఊరుకున్నాను.

ఇంకో చిత్రం ఉంది. పేటెంటుకి ఇరవై ఏళ్ళ ఆయుష్షు. కానీ ఏటా రుసుము కడితేనే బతుకుతుంది. కట్టకపోతే ఆ ఏడాదే పోతుంది. గోడ మీద మేనేజరుగారు ఒక పట్టిక అంటించాడు. 'బతికున్నవి', 'పోయినవి'. ఏటా ఒకసారి దాని ముందు నిలబడి, ఎవరిని ఉంచాలో ఎవరిని వదలాలో తేల్చేవాడు. ఎవరో ఒకరు వాడుతున్నారని రుజువుంటే ఉంచడం, లేకపోతే వదిలేయడం. ఆ రుజువు తేవడమే నా పని. ఊళ్ళు తిరిగి, మెషిన్లు వెతికి, ఫోటో తీసి పంపాలి. నేను ఫోటో తీసింది బతుకుతుంది, తీయనిది పోతుంది. ఇరవై రెండేళ్ళకే యముడి దగ్గర గుమస్తా ఉద్యోగం. ప్రయాణ ఖర్చు మాత్రం బస్సు టిక్కెట్టు చూపిస్తేనే.

ఆ ఏడు వెతకాల్సింది ఆరో నంబరు. గోగు నార ఒలిచే మెషిను. రెండు ఇనుప రోలర్ల మధ్య గోగు కర్రని దూర్చితే, పుల్ల విరిగి పడిపోయి బెరడు పట్టీలా ఇవతలికి వస్తుంది. మామూలు రోలర్లలో కర్ర పక్కకి జారిపోతుంది. రోలరు మీద చేపముల్లులాగా రెండువైపులా ఏటవాలుగా గాట్లు పెడితే జారదు. పేటెంటు మెషిను మీద కాదు, ఆ గాట్ల మీద.

దసరా వెళ్ళిన వారానికి నరసన్నపేట నుంచి లోపలికి ఆటోలో వెళ్ళాను. ఊరు రాకముందే కుళ్ళిన నీళ్ళ వాసన వచ్చింది. గోగు నానేసిన గుంటలు. నీళ్ళు నల్లగా, కదలకుండా ఉన్నాయి. గట్టు మీద ఒలిచేసిన పుల్లలు తెల్లగా, గుట్టలు గుట్టలుగా ఉన్నాయి. దూరం నుంచి ఎముకల్లా కనబడ్డాయి. దగ్గరికెళ్తే వాటి మీద ఎవరివో లుంగీలు ఆరేసి ఉన్నాయి, భయం అక్కడితో ఆరిపోయింది.

మెషిను ఒక పెంకుటింటి వెనక దొడ్లో ఉంది. ఎర్రగా మెరుస్తోంది. పసుపు, కుంకుమ బొట్లు. పక్కన పసుప్పచ్చ అక్షరాలతో ఆ ఏడాది దసరా తేదీ. రోలరు మీద చేపముల్లు గాట్లు. ఇంటావిడకి అరవై దాటుంటాయి. మజ్జిగ ఇచ్చింది.

"ఫోటో దేనికి బాబూ? సబ్సిడీ ఇత్తారేటి?"

"చూడ్డానికేనమ్మా" అన్నాను. మజ్జిగ ఒక్క చుక్క మిగల్చకుండా తాగాను.

ఫోటో బస్టాండు నుంచే పంపాను. మర్నాడు ఆఫీసుకి వెళ్ళేసరికి మేనేజరుగారు దాన్ని పెద్దది చేసి చూస్తున్నాడు. మెషిను రేకు మూలన ఒక ఫోన్ నంబరు రాసి ఉంది, చేసినవాడిది.

"ఒకసారి కొట్టు బాబూ. ఎవరో చూద్దాం."

ఒక్కో అంకె చదివాడు, నేను నొక్కాను. పదో అంకె నొక్కగానే నా ఫోను తెర మీద 'మావ' అని వచ్చింది. కింద మా మేనమామ ఫోటో, పెళ్ళి భోజనంలో నోరు తెరిచి ఉన్నది. వెంటనే కట్ చేశాను. "రింగవడం లేదండీ" అన్నాను. నిమిషంలో మావ తిరిగి చేశాడు, తెర మీది పేరు మేనేజరుగారూ చూశాడు. మా మావ మిస్డ్ కాల్‌ని ఎప్పుడూ వదలడు.

నోటీసు వెళ్ళింది. ఆ ఆదివారం ఆరాధన అయ్యాక ఆమదాలవలస వెళ్ళాను. స్టేషన్ రోడ్డులో మావ వర్క్‌షాపు. నాకు వెల్డింగ్ రాడ్డు పట్టుకోవడం నేర్పింది అక్కడే, కానీ నేనున్న సెలవుల్లో చేసినవి గేట్లు, గ్రిల్లులే. తొమ్మిది మెషిన్లకి ఇనుము తెచ్చి కోసి పెట్టాడు. గోగు కోతలు అయ్యేలోగా ఇవ్వాలి, ఇవ్వకపోతే రైతులు ఇంకో చోటికి పోతారు, ఆ ఇనుము అలాగే తుప్పుపడుతుంది. నోటీసులో రెండే దారులున్నాయి. ఆపేయడం, లేదా ఇదివరకు చేసినవాటితో సహా మెషినుకింత అని కట్టడం. రెండో దారి వర్క్‌షాపు అమ్మితే గానీ కుదరదు.

"ఒరే అల్లుడూ, ఈ కాయితం సూడు" అన్నాడు. "నా మెషిన్ని కన్నతండ్రి ఎవులో ఇందులో రాసినారు. నాను కాదంట."

"ఆ ఫోటో నేనే తీశాను మావా."

నోటీసు మడిచి జేబులో పెట్టుకున్నాడు. "బాగా తీసినావు. నంబరు శుభ్రంగా కనపడతంది."

అత్త లోపల్నుంచి "ఆడికి అన్నం పెట్టాలా, ఒద్దా?" అంది.

"పెట్టు. తిన్నాక తిడతాను."

తిడుతూనే చెప్పాడు. మొదటి మెషిను అత్తని పెళ్ళి చేసుకున్న ఏడు చేశాడట. నేను వేళ్ళు లెక్కపెట్టాను. ఫైల్లో దరఖాస్తు తేదీ ఆ మరుసటి ఏడుది. ఒక వస్తువు దరఖాస్తుకి ముందే నలుగురి కళ్ళ ముందూ వాడకంలో ఉంటే దాని మీద పేటెంటు నిలవదని ఆ బీరువాలో కాగితాలు తిరగేస్తూ చదివాను. ఉద్యోగంలో నేర్చుకున్నది అదొక్కటే.

"బిల్లుందా మావా?"

"బిల్లా? పెళ్ళి కర్సుల్లో ఉన్నోడు బిల్లు రాత్తాడేట్రా?"

"ఆ మొదటి మెషిను ఎక్కడుంది?"

"నువ్వు ఫోటో తీసినావే, ఆ ఎర్రదే."

ఇక్కడే తిరకాసు. మా వైపు రైతులు దసరాకి మెషిన్లన్నిటికీ కొత్త రంగు వేసి, పూజ చేసి, ఆ ఏటి తేదీ రాస్తారు. పాత తేదీ మీదే. నంబరు ఒక్కటీ చెరగకుండా మళ్ళీ దిద్దుతారు, చెడిపోతే మేస్త్రిని పిలవాలి కదా. అలా పదేళ్ళ కిందటి మెషిను ఏటా కొత్తగా పుడుతుంది. నేను తీసిన ఫోటో చూసిన ఎవరైనా అది మొన్న చేసిందే అంటారు.

పాత తేదీ ఉంది. రంగుల కిందుంది.

మర్నాడు సెలవు పెట్టి, మావ, నేను గరుకు కాగితం, బకెట్టు పట్టుకుని వెళ్ళాం. ఇంటావిడకి అంతా చెప్పాం, నేను మొదట అబద్ధమాడానన్న సంగతితో సహా.

"ఓలమ్మ! పూజ సేసిన రంగు గోకుతారా? మీరు సర్చికెల్లినోలు, మీకేటి, ఆ తల్లి కోపం మా మీదకి వత్తాది."

"అరచెయ్యంత సోటే అప్పా" అన్నాడు మావ, అక్కని బతిమాలినట్టు. "నా పని నిలబడాలంటే అదొక్కటే దారి."

ఆవిడ లోపలికెళ్ళి పీట తెచ్చుకుని పక్కనే కూర్చుంది.

పైన ఆరు పొరలు ఆవిడ కొడుకువి. రేకు అచ్చు పెట్టి వేసిన అంకెలు. ఎరుపు, నీలం, మళ్ళీ ఎరుపు. నీళ్ళు పోసి రుద్దుతుంటే ఒక ఏడాది కరిగి బకెట్టులోకి కారేది, కింద ఇంకో ఏడాది పైకి తేలేది. ప్రతి తేదీకీ ఫోటో తీశాను. ఏడో పొర ఆకుపచ్చది. దాని మీద అంకెలు అచ్చువి కావు. కుంచెతో చేత్తో రాసినవి. వంకర్లు తిరిగి ఉన్నాయి.

ఆవిడ చెయ్యి అడ్డం పెట్టింది. "ఆగండి. అది మా ఇంటాయన రాత."

ఆయన పోయి ఆరేళ్ళయిందట. ఆ దసరాకి చెయ్యి వణికేది, రంగు డబ్బా ఆవిడే పట్టుకుందట. ఆయన చేత్తో రాసినవి ఇంకేవీ ఇంట్లో లేవు. ఆయన రాసింది మెషిన్ల మీద, మోటరు మీద, ధాన్యం గాదె మీద. అవన్నీ రంగుల కిందే.

మాకు కావలసిన తేదీ ఇంకా నాలుగు పొరల కిందుంది.

మావ గరుకు కాగితం బకెట్టులో పడేశాడు. "సాల్రా అల్లుడూ. లే, పోదాం."

"తొమ్మిది మెషిన్లు మావా."

"లెగమన్నానా?"

ఆవిడ మా మాటలు వినడం లేదు. ఆ పచ్చ అంకెల మీద వేలితో గీస్తోంది. "దీని కింద ఎవులు రాసినారు?"

"ఆయనే."

"దాని కింద?"

"ఆయనేనమ్మా. అడుగు దాకా."

"అయితే గోకండి" అంది. "ఒకలు పోయి ఇంకొకలు రారు కదా. ఆయన పోతే ఆయనే వత్తాడు."

గోకాం. అప్పటినుంచి నేను జోకులు వేయలేదు. ఈ ఒక్క ముక్కా అబద్ధం, ఒకటి వేశాను, ఎవరూ నవ్వలేదు.

పచ్చ పొర కింద పసుపు. అంకెలు కాస్త నిటారుగా ఉన్నాయి. "ఈ ఏడు బాగానే ఉన్నాడు. సంతకి నడిసెల్లేవోడు" అందావిడ. దాని కింద నీలం. గీత సాఫీగా సాగింది. "ఇప్పుడు దగ్గు నేదు." దాని కింద ఇంకో ఎరుపు. రెండు అంకె మెడ వంచి, తోకని బారుగా లాగాడు, జోరు మీదున్న చెయ్యి. ఆవిడ పీట మీద ముందుకి జరిగింది. గొంతు మారిపోయింది, ఎవరో కొత్తావిడ మాట్లాడినట్టుంది. "ఈ యేలకి పొలం నుంచి వచ్చీవోడు. వీదిలోంచే కేకేసీవోడు. ఇదిగో, ఇప్పుడు కేకేత్తాడు సూడండి."

ముగ్గురం వీధి తలుపు వైపు చూశాం. నట్టనడి మధ్యాహ్నం. గోగు గుంటల వాసన. ఎక్కడా ఆకు కదల్లేదు. మెషిను మీంచి ఎర్ర నీళ్ళు చుక్కలుగా కారుతున్నాయి.

ఎవరూ కేక వేయలేదు. మావ వెనక్కి అడుగు వేసి బకెట్టులో కాలు పెట్టాడు.

చివరి పొర బూడిద రంగు. దాని మీద స్థిరమైన, బలమైన అంకెలతో మా అత్త పెళ్ళి జరిగిన ఏటి దసరా తేదీ. దాని కింద ఇనుము. ఇంక ఎవరూ లేరు.

ఆవిడ కొంగుతో ఆ అంకెల మీద తడి అద్దింది. ఫోటోలకి సాక్షిగా కాగితం మీద సంతకం పెట్టింది. శ్రీకాకుళంలో ఒక లాయరు వాటిని జతచేసి జవాబు తయారుచేశాడు. పంపే ముందు నేను మేనేజరుగారికి చూపించాను. ఆయన ఉప్పు తిన్నవాడిని, వెనక నుంచి పొడవడం ఇష్టం లేదు. ఎదురుగా పొడిస్తే కాస్త మర్యాదగా ఉంటుందనుకున్నాను.

ఫోటోలు ఒక్కొక్కటీ నిదానంగా చూశాడు. "ఎవరికైనా చూపించావా?"

"లాయరుకి తప్ప ఎవరికీ లేదండీ."

"చూపించకు. మీ మావకి ఉచితంగా లైసెన్సు ఇచ్చేద్దాం. రూపాయి కట్టక్కర్లేదు. ఎన్ని మెషిన్లయినా చేసుకోమను. ఈ ఫోటోలు మాత్రం బయటికి రాకూడదు."

"మిగతా వర్క్‌షాపులవాళ్ళు?"

"వాళ్ళు కడతన్నారు కదా." బీరువా వైపు చూశాడు. "కాయితం విలువ కాయితంలో ఉండదు బాబూ. చదివినవాడి గుండెలో ఉంటాది. ఒకటి చెల్లదని తేలితే మిగతా పదీ ఎందుకు చెల్లాలని అడుగుతారు."

ఆ మధ్యాహ్నం ఆయనే స్వయంగా ఆమదాలవలస వచ్చాడు. మావ చేతులు తుడుచుకుని ఆ లైసెన్సు రెండుసార్లు చదివాడు.

"మేనేజరుగారూ, దీని మీద సంతకం పెడితే ఈ గాట్లు మీయేనని నాను ఒప్పుకున్నట్టేనా?"

"కాయితం మీద అంతే."

"అయితే ఆ ఇంటాయన రాసిన తేదీ?"

"అది ఎవరికీ కనబడక్కర్లేదు."

మావ తొమ్మిది మెషిన్ల ఇనుము వైపు చూశాడు. సంతకం పెట్టమని అరవాలనిపించింది నాకు.

"ఆవిడ కళ్ళ ముందర మొగుడి రాత నాలుగేళ్ళది గోకేసినానండీ" అన్నాడు. "ఇప్పుడెల్లి, అమ్మా, అక్కర్లేకపోయింది అని సెప్పమంటారేటి? నా వల్ల కాదు."

కాగితం తిరిగి ఇచ్చేశాడు. అత్త మేనేజరుగారికి టీ ఇచ్చింది. ఆయన తాగాడు, బాగుందన్నాడు, వెళ్ళిపోయాడు.

లాయరు జవాబు వెళ్ళింది. ఫోటోల్ని మావ స్వయంగా మిగతా మేస్త్రీలందరికీ వాట్సాప్‌లో పంపాడు. కంపెనీ నుంచి సమాధానం రాలేదు. రెండో నోటీసూ లేదు, కోర్టు కాగితమూ లేదు. రోజూ తపాలా వేళకి మావ మెషిను ఆపి వీధిలోకి చూసేవాడు. తపాలా ఆయన సైకిలు దిగకుండా సాగిపోయేవాడు. తిట్టే ఉత్తరం కన్నా రాని ఉత్తరం బరువని అప్పుడు తెలిసింది. అలా చూస్తూనే ఎనిమిది మెషిన్లు చేసి ఇచ్చాడు.

నెలాఖరున మేనేజరుగారు పట్టిక ముందు నిలబడ్డాడు. ఆరో నంబరు రుసుము కట్టవలసిన రోజు. నేను వెనక నిలబడ్డాను. ఆయన పెన్ను తీసి, ఆరుని 'బతికున్నవి'లో కొట్టేసి, 'పోయినవి'లో రాశాడు. అంతే. కప్పు మీంచి ధూళి రాలుతోంది. షెడ్డులో ఎక్కడో, మగ్గాలే లేని చోట, ఇనుము మీద ఇనుము తగిలిన చప్పుడు ఒకటి వినబడింది.

"పావురాలు" అన్నాడు మేనేజరుగారు, నేను అడగకుండానే. ఆ తర్వాత, "రేపట్నుంచి నువ్వు రానక్కర్లేదు" అన్నాడు, అదే గొంతుతో.

అక్కడి నుంచి తిన్నగా బస్సెక్కి ఆమదాలవలస వెళ్ళాను. తొమ్మిదో మెషిను ట్రాక్టరుకి ఎక్కిస్తున్నారు.

"పోయింది మావా, ఆరో నంబరు" అన్నాను.

"పోనాదా?" అన్నాడు. కళ్ళద్దాలు పైకి తోసుకున్నాడు. "ఎవులో పాపం ఆ ఫోర్‌మన్ను. మంచి పనోడే అయ్యుంటాడు. గాట్లు సరిగ్గా గీసినాడు. మరి నీ ఉజ్జోగం?"

"అదీ పోయింది."

"అమ్మకి సెప్పినావా?"

"ఇంకా లేదు."

"అయితే ముందు ఈ మూల పట్టుకో."

పట్టుకున్నాను. చాలా బరువుంది. నేను చదివిన ఫైల్లో ఆ సంగతి ఎక్కడా రాసి లేదు.